అమ్మా, ఒంటికొస్తోంది

తెలుగు బళ్ళో చదివిన వాళ్ళందరికీ ఒక సైగ భాష వచ్చు. చిటికెన వేలు ఒక్కటే ఎత్తితే ఒకటి, రెండు వేళ్ళు ఎత్తితే రెండోది. మాస్టారు తల ఊపగానే పరుగు. ఆ వేలు మాటలోకి కూడా ఎక్కింది. ఒంటి వేలు, ఒంటేలు. దానికో 'కి' తగిలిస్తే 'ఒంటికి', 'రెంటికి'. మన పిల్లలు ఒకటీ రెండూ అన్న అంకెల్ని గోళీలు లెక్కపెట్టడానికి వాడే ముందే దీనికి వాడతారు.

పెద్దవాళ్ళ మాటలు ఇంకా చిత్రంగా ఉంటాయి. 'దొడ్డికి', 'బయటికి', 'చెరువుగట్టుకి' అంటే చోటు చెప్తున్నాం. 'చెంబట్టుకెళ్ళాడు' అంటే పాత్ర చెప్తున్నాం. 'కాలకృత్యాలు' అంటే వేళ చెప్తున్నాం. 'ఒంటికి' అంటే అంకె. చోటు, పాత్ర, వేళ, అంకె అన్నీ ఉన్నాయి, అసలు సంగతి తప్ప. ఆ సంగతిని సూటిగా అనే మాటలు (ఉచ్చ, ఉస్సు, కక్క, ఛీఛీ) పసిపిల్లల కోసం విడిగా పెట్టుకున్నాం. అవి కాస్త పెద్దయ్యాక తిట్లలోకో జోకుల్లోకో వెళ్ళిపోతాయి.

ఈ మధ్య పేరెంటింగ్ పుస్తకాల్లో, ప్లేస్కూలు బ్రోషర్లలో ఒక మాట తరచుగా కనిపిస్తోంది. పాటీ ట్రైనింగ్ పిల్లల భాషకీ, నేర్చుకునే శక్తికీ ఊతం ఇస్తుందని. మొదట నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు దీన్ని కూడా ఐక్యూ ఖాతాలో వేశారా అనుకున్నాను. తర్వాత దీని చరిత్ర చదువుతూ పోతే తెలిసిందేంటంటే, గత వందేళ్ళుగా డాక్టర్లూ, మనస్తత్వవేత్తలూ, మానవశాస్త్రవేత్తలూ ఈ చిన్న కుండ చుట్టూ చేరి వాదించుకున్న వాటిలో ఒక పెద్ద పాయ మాట గురించే. మాట వచ్చాక పిల్లని కూచోబెట్టాలా? కూచోబెట్టడంలోనే మాట మొదలవుతుందా? ఈ రెంటిలో ఏది నమ్ముతామన్న దాన్ని బట్టి ఇళ్ళల్లో ఆడవాళ్ళ రోజు మారిపోయింది. అందుకని దీన్ని చిన్న విషయంగా తీసుకోలేకపోయాను.

కథని అమెరికాతో మొదలుపెట్టాలి. రాసిపెట్టుకున్నది వాళ్ళే కాబట్టి. అక్కడి ఫెడరల్ ప్రభుత్వం 1912లో చిల్డ్రన్స్ బ్యూరో అని ఒక శాఖ పెట్టింది. ఆ శాఖ 1914లో 'ఇన్ఫెంట్ కేర్' అనే చిన్న పుస్తకం వేసింది. రాసింది మేరీ మిల్స్ వెస్ట్, ఐదుగురు పిల్లల తల్లి. ఆ తర్వాత దశాబ్దాల పాటు కొత్త కొత్త ఎడిషన్లు వస్తూ, లక్షల ఇళ్ళకి చేరిన పుస్తకం అది. అందులో ఈ శిక్షణ కొన్ని నెలల పసికందుతోనే మొదలుపెట్టమన్నారు. 1920లు ముగిసేసరికి పద్ధతి ఇంకా బిగిసింది. రోజూ ఒకే వేళకి కూచోబెట్టాలి, ఐదు నిమిషాల తేడా కూడా రాకూడదు. పిల్లకి పొట్టలో ఏమనిపిస్తోందన్నది కాదు, గోడ మీద గడియారం ఏమంటోందన్నది లెక్క.

దీన్ని చదివి వెక్కిరించడం తేలిక. కానీ వాషింగ్ మెషీన్ లేని ఇంట్లో, నలుగురు పిల్లల గుడ్డలు చేత్తో ఉతికి, వేణ్ణీళ్ళలో ఉడకబెట్టి, చలికాలంలో ఆరబెట్టే ఆడమనిషికి రోజుకి నాలుగు గుడ్డలు తగ్గడం అంటే ఏంటో ఊహించుకోండి. ఆ గడియారం వెనక చాకిరీ ఉంది.

వెక్కిరించాల్సిన మనిషి వేరే ఉన్నాడు. జాన్ బి. వాట్సన్, ప్రవర్తనావాదానికి ఆద్యుడు. 1928లో వచ్చిన పిల్లల పెంపకం పుస్తకంలో పిల్లల్ని ముద్దు పెట్టుకోవద్దు, ఒళ్ళో కూచోబెట్టుకోవద్దు, పొద్దున్నే షేక్‌హ్యాండ్ ఇస్తే చాలు అన్న మహానుభావుడు. ఎనిమిది నెలల నుంచి పిల్లని ప్రత్యేకమైన టాయిలెట్ సీటులో పట్టీలతో బిగించి, బొమ్మలేవీ ఇవ్వకుండా, తలుపు మూసి, ఒంటరిగా వదిలేయమంటాడు. తల్లిగానీ ఆయాగానీ అక్కడ ఉండకూడదట. ఎందుకంటే, ఉంటే కబుర్లు మొదలవుతాయి! పిల్ల జాప్యం చేస్తుంది, గట్టిగా మాట్లాడుతుంది, అక్కడి నుంచి చెడు నడతకి దారి పడుతుంది. ఈ నియమాన్ని దాదాపు అందరూ ఉల్లంఘిస్తున్నారని వాపోయాడు కూడా. నాకు ఆ వాపోవడం చాలా నచ్చింది. 1928లో కూడా అమెరికా తల్లులు దొడ్లో పిల్లలతో కబుర్లు చెప్తూనే ఉన్నారన్నమాట. మాటని అక్కణ్ణుంచి తరిమేయాలని ఒక శాస్త్రవేత్త పనిగట్టుకుని రాయాల్సొచ్చిందంటే, అక్కడ మాట అంత దండిగా ఉండేదని అర్థం.

ఇదే కాలంలో ఇంకో గుంపు ఇదే కుండలోకి వేరే దుర్భిణీతో చూస్తోంది. 1905లో ఫ్రాయిడ్ పసివాళ్ళ లైంగికత గురించి రాస్తూ మలవిసర్జనలోని సుఖం గురించి చెప్పాడు. 1908లో ఇంకో చిన్న వ్యాసంలో క్రమశిక్షణ, పిసినారితనం, మొండితనం అనే మూడు గుణాల్ని దాంతో ముడిపెట్టాడు. ఫ్రాయిడ్ తనకి తెలిసిన రోగుల గురించి రాశాడు, అంతవరకూ పర్లేదు. శిష్యులు దేశాల మీద పడ్డారు.

మన దేశమూ తప్పించుకోలేదు. రాంచీలో యూరోపియన్ల మానసిక చికిత్సాలయాన్ని నడిపిన ఓవెన్ బర్క్‌లీ-హిల్ అనే సైనిక డాక్టరు 1921లో అంతర్జాతీయ మనోవిశ్లేషణ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. హిందువుల మతం, తత్వం, స్వభావం అన్నిటి వెనకా మలవిసర్జన చుట్టూ తిరిగే అణిచివేసుకున్న కోరికలే ఉన్నాయని దాని సారం. ఈయన పెళ్ళి చేసుకున్నది మలయాళీ ఆవిణ్ణి. ఆవిడ ఆ వ్యాసం గురించి ఏమనుకుందో మనకి ఎవరూ రాసిపెట్టలేదు. తమాషా ఏంటంటే, 1978లో సుధీర్ కాకర్ 'ది ఇన్నర్ వరల్డ్'లో ఇదే దేశాన్ని చూసి, భారతీయ శిశువుకి ఈ విషయంలో పెద్ద వత్తిడే ఉండదు, శిక్షణ చాలా సడలుగా, తీరిగ్గా సాగిపోతుందని చెప్పాడు. ఒకాయనకి కనిపించిన బిగింపు ఇంకొకాయనకి కనపడలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇది ఇంకో మెట్టు ఎక్కింది. జెఫ్రీ గోరర్ అనే ఇంగ్లీషు మానవశాస్త్రవేత్త, యుద్ధం వల్ల జపాన్ వెళ్ళే వీలు లేక, దూరం నుంచే, ఆ దేశం తెలిసినవాళ్ళని అడిగి, పుస్తకాలు చదివి 1943లో ఒక సిద్ధాంతం ప్రచురించాడు. జపాన్ వాళ్ళు పసిపిల్లలకి చాలా ముందుగా, చాలా కఠినంగా మలమూత్ర శిక్షణ ఇస్తారు, ఇంట్లో అంత మర్యాద, యుద్ధంలో అంత క్రౌర్యం దానివల్లే అని. యుద్ధం అయ్యాక నిజంగా జపనీస్ తల్లులతో మాట్లాడిన పరిశోధకులకి అంత కాఠిన్యమేమీ కనపడలేదు. ఒక జాతి సైన్యాన్ని ఆ జాతి పసిపిల్లల పిర్రల ద్వారా వివరించే ప్రయత్నం అలా ముగిసింది.

వీళ్ళందరిలోనూ ఒక సామాన్య గుణం ఉంది. గడియారం పట్టుకున్నవాళ్ళూ, దుర్భిణీ పట్టుకున్నవాళ్ళూ పిల్ల గురించి మాట్లాడారే తప్ప, పిల్లతో ఎవరేం మాట్లాడారని అడగలేదు. తల్లి ఏ శబ్దం చేసింది, పిల్ల ఏమంది, వాళ్ళిద్దరికీ మధ్య ఏ మాట పుట్టింది అన్నది రికార్డుల్లో లేదు.

మలుపు న్యూయార్క్‌లో వచ్చింది. మర్టిల్ మెక్‌గ్రా అనే పరిశోధకురాలు మగ కవలల మీద చేసిన అధ్యయనం 1940లో అచ్చయింది. కవలల్లో ఒకణ్ణి చాలా చిన్నప్పట్నుంచే గంటగంటకీ కూచోబెట్టారు. రెండోవాణ్ణి చాలాకాలం వదిలేశారు. చివరికి ఇద్దరూ ఇంచుమించు ఒకే వయసులో అదుపు సాధించారు. నరాలు పండాలి, అప్పటిదాకా ఎంత కూచోబెట్టినా లాభం లేదు అన్నది దీన్నుంచి తీసిన పాఠం. ఆరేళ్ళ తర్వాత 1946లో బెంజమిన్ స్పాక్ పుస్తకం వచ్చి తల్లులకి ఊపిరి పీల్చుకోనిచ్చింది. 1950లో ఎరిక్ ఎరిక్సన్ ఈ వయసుని స్వతంత్రానికీ సిగ్గుకీ మధ్య పెనుగులాటగా చూశాడు. బిగపట్టడం, వదలడం అనే రెండు పనుల్లో పిల్ల మొదటిసారి 'నేను' అనుకుంటుందన్నమాట.

అసలు తీర్పు 1962లో వచ్చింది. టి. బెరీ బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టరు మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో తన దగ్గరికి పదేళ్ళలో వచ్చిన 1,170 మంది పిల్లల వివరాలతో ఒక పత్రం ప్రచురించాడు. పిల్ల సిద్ధపడేదాకా ఆగండి, పద్దెనిమిది నెలల ముందు మొదలే పెట్టకండి అన్నాడు. ఆయన పద్ధతిలో పగటి అదుపు సగటున 28.5 నెలలకి వచ్చింది. పద్ధతి కూడా ముచ్చటగా ఉంటుంది. మొదట బట్టలతోనే చిన్న కుర్చీ మీద కూచోబెట్టాలి, పక్కన కూచుని ఏదన్నా చదివి వినిపించాలి. కొన్నాళ్ళకి, తడిసిన గుడ్డని ఆ కుండలో వేసి, ఇది ఇక్కడికి పోవాలి అని పిల్లకి అర్థమయ్యేలా చెప్పాలి. వాట్సన్ తరిమేసిన కబుర్లు తలుపు తీసుకుని మళ్ళీ లోపలికొచ్చాయి.

అయితే దీనికో షరతు ఉంది. పిల్లకి చెప్పింది అర్థం కావాలి, తనకేం కావాలో ఏదో రకంగా చెప్పగలగాలి. అంటే మాట ముందు, కుండ తర్వాత. ఇవాళ మన పిల్లల డాక్టర్లు ఇచ్చే 'రెడీనెస్' జాబితాలన్నీ ఈ వంశంలోవే.

దీనికి ఒక్క ఏడాది ముందు, 1961లో, ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ పాంపర్స్ అమ్మడం మొదలుపెట్టింది. ఇందులో కుట్ర ఏమీ లేదు, బ్రేజల్టన్ అప్పటికి పదేళ్ళుగా పిల్లల్ని చూస్తున్నాడు. కానీ ఓపిగ్గా ఆగమనే సలహాకీ, ఆగడాన్ని తేలిక చేసే వస్తువుకీ పొత్తు బాగా కుదిరింది. 1990లు ముగిసేసరికి ఆయన పాంపర్స్ వాళ్ళ పేరెంటింగ్ సంస్థకి అధ్యక్షుడు, నడిచే పిల్లల కోసం తీసిన పెద్ద సైజు డైపర్ ప్రకటనలో కనిపించిన మనిషి కూడా. ఆయన నిజాయితీని నేను శంకించను. కానీ తడి తెలియనివ్వకపోవడమే ఆ వస్తువు గొప్పతనం అని అమ్ముతున్నప్పుడు, తడి గురించి పిల్లకి చెప్పడానికి ఏం మిగులుతుంది? పొద్దున్నించి రాత్రి దాకా తన ఒంట్లో జరిగే ఒక సంఘటన తనకే తెలియకుండా పోతే, దానికి పేరు ఎందుకు కావాలి?

1977లో, బ్రేజల్టన్ పత్రం వచ్చిన 'పీడియాట్రిక్స్' పత్రికలోనే, మార్టెన్ డెవ్రీస్, రేచెల్ డెవ్రీస్ అనే దంపతుల పరిశోధన వచ్చింది. తూర్పు ఆఫ్రికా తీరంలో ఉండే డిగో ప్రజల గురించి. అక్కడ తల్లి నేల మీద కాళ్ళు చాపుకుని కూచుంటుంది. రెండు మూడు వారాల పసికందుని ఆ కాళ్ళ మధ్య, ముఖం అవతలికి ఉండేలా, తనకి ఆనించుకుని కూచోబెడుతుంది. నోటితో సన్నగా 'షూస్' అని శబ్దం చేస్తుంది. బిడ్డ పోస్తే మెచ్చుకోలు, పాలు, ముద్దులు. ఐదారు నెలలకల్లా ఆ బిడ్డ పొడిగా ఉంటుంది. సంసిద్ధత అనేది ఒంట్లో మాత్రమే లేదు, సంస్కృతిలో కూడా ఉంది అన్నది వాళ్ళ వాదన.

అమెరికా డాక్టర్లకి అది వింత. మనకి కాదు. నేను ఆ వర్ణన చదువుతున్నప్పుడు నా కళ్ళ ముందు మెదిలింది మా అమ్మమ్మ పాదాలే. పీట మీద కూచుని, పాదాలు కాస్త ఎడంగా పెట్టి, వాటి మీద పిల్లని కూచోబెట్టుకుని, 'ఉస్స్‌స్...' అనేది. పక్కన చెంబులో నీళ్ళు. ఇంకా రాకపోతే ఆ నీళ్ళు సన్నటి ధారగా నేల మీద పోసేది. మా ఇంట్లో ఇంచుమించు ప్రతి పసిపిల్లా నిద్ర లేవగానే ఆ పాదాల మీదికే వెళ్ళింది. ఇప్పటికీ తెలుగు ఇళ్ళల్లో, అపార్ట్‌మెంట్ బాత్రూముల్లో కూడా, బాలింత దగ్గరికి సాయానికొచ్చిన తల్లులు ఇదే చేస్తున్నారు. వియత్నాం తల్లుల మీద స్వీడన్ పరిశోధకులు చేసిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. అక్కడ కూడా అంతే, పుట్టినప్పట్నుంచే, ఈల లాంటి శబ్దంతో.

డాక్టర్లు దీనికి చెప్పే జవాబు నాకు తెలుసు. నేర్చుకుంది పిల్ల కాదు, తల్లే అంటారు. నిజమే, మొదట్లో తల్లే నేర్చుకుంటుంది. కాలు ముడుచుకోవడం, మొహం ఎర్రబడటం, ఆడుతూ ఆడుతూ ఒక్క క్షణం ఆగిపోవడం. కానీ మాట నేర్పడం అంటే కూడా ఇదే కదా? పిల్ల 'త్తత్తా' అంటే అత్త అని అర్థం చేసుకుని అత్తని పిలుస్తాం. పిల్లకి అర్థం తెలిసి అన్లేదు, మనం అర్థం ఇచ్చాక ఆ శబ్దానికి అర్థం వచ్చింది. 'ఉస్స్' కూడా అంతే. ఒంట్లో కలిగే ఒక భావానికీ, బయట వినిపించే ఒక శబ్దానికీ ముడి పడటం, ఆ ముడిని ఇద్దరు మనుషులు పంచుకోవడం. దాన్ని మాట అనకపోతే మరేమనాలో నాకు తెలీదు.

ఇక్కడ నేను పాత రోజుల్ని మెచ్చుకుంటూ కూచోదల్చుకోలేదు. అమ్మమ్మ పాదాలు ఖాళీగా ఉండాలంటే ఆ ఇంట్లో వంటకీ, పొలానికీ వేరే చేతులు ఉండాలి. కూలికెళ్ళే తల్లి బిడ్డని చెట్టుకి కట్టిన చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి, పక్కన ఆరేళ్ళ అక్కని కాపలా పెట్టేది. ఆ అక్క బడికి పోలేదు. పాత చీర గుడ్డలు ఇంటి కోడలు ఉతికేది, పురిటి గుడ్డలు చాకలావిడకి వెళ్ళేవి. మెత్తటి పాత చీర ముక్క అని మురిసిపోయే వ్యాసాల్లో ఆ ముక్కని ఎవరు జాడించారో ఉండదు. డైపర్ వచ్చి కొంతమంది ఆడవాళ్ళకి నిద్ర ఇచ్చింది, ఉద్యోగం ఇచ్చింది. దాన్ని తిట్టడం నాకు చేతకాదు.

అమెరికాలోనే ఇంకో దారి తొక్కినవాళ్ళ గురించి చెప్పాలి. నేథన్ ఏజ్రిన్, రిచర్డ్ ఫాక్స్. 1971లో వాళ్ళు మొదట పని చేసింది పసిపిల్లలతో కాదు, బుద్ధిమాంద్యం అనే ముద్ర వేసి సంస్థల్లో పడేసిన పెద్దవాళ్ళతో. నేర్చుకోలేరని వదిలేసిన మనుషులు రోజుల్లో నేర్చుకున్నారు. తర్వాత అదే పద్ధతిని పిల్లలకి మార్చి 1974లో, ఒక్క రోజులోపే శిక్షణ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేశారు, విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ తొందర నాకు నచ్చదు, తడుపుకుంటే పదేసి సార్లు పరిగెత్తించే అభ్యాసాలూ నచ్చవు. నచ్చింది బొమ్మ. నీళ్ళు తాగి ఉచ్చ పోసే బొమ్మ ఒకటి ఉంటుంది. దానికి నేర్పించే పని ముందు పిల్లకి అప్పగిస్తారు. 'పాపాయికి వస్తోందా? చడ్డీ కిందికి లాగు. కూచోబెట్టు.' అంతకు ముందు క్షణం దాకా ఆజ్ఞలు వింటున్న పిల్ల ఇప్పుడు ఆజ్ఞలు ఇస్తుంది. వరసలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది బొమ్మకి చెప్పడం కోసం తను గుర్తుపెట్టుకుంటుంది. రెండేళ్ళ పిల్ల చేత ఒక కథని మొదటి నుంచి చివరి దాకా చెప్పించడం అన్నమాట.

మన దగ్గర ఇలాంటి చరిత్రకి నాకు దొరికిన ఆధారాలు మాటలే. చలం 'బిడ్డల శిక్షణ' లాంటి పుస్తకాలు పెద్దల పెత్తనం గురించి దులిపేశాయి. ఈ పని మాత్రం ఆడవాళ్ళ నోళ్ళలో, పాదాల దగ్గర సాగిపోయింది, అచ్చులోకి పెద్దగా రాలేదు. కాబట్టి మాటల్నే కాస్త దగ్గరగా చూద్దాం. 1964లో చార్ల్స్ ఫెర్గూసన్ అనే భాషాశాస్త్రవేత్త ఆరు భాషల్లో పెద్దవాళ్ళు పసిపిల్లలతో వాడే ప్రత్యేకమైన మాటల్ని పోల్చాడు. తెలుగు లేదు, పక్కింటి మరాఠీ ఉంది. చుట్టరికాలు, తిండి, జంతువులు, వీటితో పాటు ఒంటి పనులకి పెట్టుకున్న ముద్దు మాటలు అన్ని చోట్లా కనిపించాయి. పిల్లకి లోకం పరిచయం చేసే తొలి నిఘంటువులో ఈ పేజీ తప్పకుండా ఉంటుంది.

ఆ పేజీలో వ్యాకరణం కూడా ఉంది. పిల్లలు చెప్పే వరస ఎవరైనా గమనించొచ్చు. మొదట అంతా అయ్యాక వచ్చి చెప్తారు, 'పోయింది', 'అయిపోయింది' అని. పెద్దవాళ్ళకి చిరాకు, ఇప్పుడు చెప్తే ఏం లాభం అని. కొన్నాళ్ళకి జరుగుతుండగా చెప్తారు. మరి కొన్నాళ్ళకి, ఒకరోజు, రాకముందు వచ్చి 'వస్తోంది' అంటారు. భూతం, వర్తమానం, భవిష్యత్తు. ఇంకా జరగనిదాన్ని ఊహించి, దాన్ని కాసేపు ఆపి, ఇంకొకరికి మాటలో చెప్పడం. 'రేపు' అనే మాట అర్థం కావడానికి ఇంకా ఏడాది పట్టే పిల్ల ఇక్కడ మాత్రం రెండు నిమిషాల భవిష్యత్తుని పట్టుకుంటుంది.

'నాకు వస్తోంది' అనే తెలుగు వాక్యంలో వచ్చేది అది. వెళ్ళేది నేను. 'ఒంటికొస్తోంది, వెళ్తాను.' మనకి ఆకలి, నిద్ర, దుఃఖం అన్నీ ఇలాగే 'నాకు' వస్తాయి, వేస్తాయి, కలుగుతాయి. ఒంట్లో తనంతట తాను జరిగేదానికీ, తను చేసేదానికీ తేడా పిల్ల రోజుకి ఆరేడు సార్లు సాధన చేసే చోటు ఇది.

ఆ తర్వాత '-కో'. మొదట్లో అమ్మ విప్పుతుంది, అమ్మ కడుగుతుంది, అమ్మ తొడుగుతుంది. శిక్షణ మొదలయ్యాక అమ్మ నోట్లోంచి వచ్చే క్రియలన్నిటికీ ఒక తోక మొలుస్తుంది. ఆపుకో. విప్పుకో. కూచో. కడుక్కో. తుడుచుకో. తొడుక్కో. వ్యాకరణాల్లో దీన్ని ఆత్మార్థకం అంటారు, పని చేసేవాళ్ళకే దాని ఫలం దక్కేది. ఎరిక్సన్ ఒక అధ్యాయంలో చెప్పింది మన అమ్మలు ఒక్క 'కో'లో చెప్తున్నారు. కడగడం నుంచి కడుక్కోవడం దాకా నడవడానికి పిల్లకి రెండు మూడేళ్ళు పడుతుంది. ఈ రూపాలు ఇంత దట్టంగా, ఒకదాని వెంట ఒకటి, ప్రతిసారీ చేతి పనితో కలిపి వినిపించే చోటు ఇంట్లో ఇంకోటి ఉందా అని ఆలోచించాను. స్నానం ఉంది, అన్నం ఉంది. మూడోది ఇదే.

ఇదంతా నాకెందుకు పట్టిందో చెప్పాలి. మా అక్క కొడుక్కి రెండేళ్ళ నాలుగు నెలలప్పుడు కూడా మాటలు రాలేదు. హైదరాబాద్‌లో ఒక ప్లేస్కూలు వాళ్ళు అడ్మిషన్ ఫారంలో రెండు గడులు పెట్టారు. మాట్లాడతాడా? పాటీ ట్రైనింగ్ అయిందా? రెండింటికీ 'లేదు' అని రాస్తే ఆరు నెలలాగి రమ్మన్నారు. మాటలొస్తే గానీ ట్రైనింగ్ మొదలుపెట్టకండి అని ఒకరు, ట్రైనింగ్ అయితే మాటలు వాటంతటవే వస్తాయి అని ఇంకొకరు. అక్క మధ్యలో నలిగిపోయింది. ఒకరోజు ఫోన్లో మా అమ్మతో, "వాడేం చెప్పడమ్మా, నాకెలా తెలుస్తుంది?" అని ఏడ్చింది. అమ్మ, "చెప్పకపోవడమేంటే, సోఫా వెనక్కి పోయి నించుంటాడు చూడు, అదే వాడు చెప్పడం. వాడు పోయినప్పుడల్లా నువ్వు దానికో మాట అను, అదే మాట అను," అంది. వాళ్ళు చూపించుకున్న స్పీచ్ థెరపిస్టు కూడా ఇంచుమించు అదే అన్నారు, ఇంగ్లీషులో, ఫీజు తీసుకుని. ఒకే పని, ఒకే వరస, ఒకే మాట, రోజుకి పది సార్లు. అమ్మ మాటలో మాయ ఏమీ లేదు. పిల్లాడు పెద్దవాళ్ళ భాషలో చెప్పకపోయినా ఏదో చెప్తూనే ఉన్నాడని ముందు ఒప్పుకోవాలి, అంతే.

అందుకే బ్రోషర్లో ఉన్న మాటని సగమే ఒప్పుకుంటాను. కుండ మీద కూచోబెడితే మెదడు పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మను. తొందరగా నేర్చుకున్న పిల్ల ఎక్కువ తెలివైనదన్న లెక్క మెక్‌గ్రా కవలల దగ్గరే తేలిపోయింది. మాట పెరిగేది కుండ వల్ల కాదు, కుండ పక్కన కూచున్న మనిషి వల్ల. ఆ మనిషికి తీరిక ఉండాలి. ఎవరికి ఉంటుంది, ఆ తీరికకి ఎవరు డబ్బు కడతారు అన్నది బ్రోషర్లో రాయరు. క్రెచ్‌లో పదిహేను మంది పిల్లలకి ఒక్క ఆయా ఉన్నచోట మళ్ళీ 1928 నాటి గడియారమే నడుస్తుంది, పేరు మాత్రం 'పాటీ బ్రేక్'.

ఈలోగా మన పాదాల పద్ధతి అమెరికా వెళ్ళి తిరిగొచ్చింది. లారీ బూకే అనే ఆవిడ తన మూడో బిడ్డప్పుడు ఒక భారతీయ స్నేహితురాలి దగ్గర ఈ సంగతి విని, తర్వాత దీని మీద పుస్తకాలు రాసింది. ఇంగ్రిడ్ బావర్ 2001లో రాసిన పుస్తకంతో దీనికి 'ఎలిమినేషన్ కమ్యూనికేషన్' అనే పేరు స్థిరపడింది. మా అమ్మమ్మకి ఆ పేరు నోరు తిరగదు. కానీ అందులో రెండో పదం చూస్తే నాకు ముచ్చటేసింది. బంజారాహిల్స్‌లో ఇప్పుడు దాని మీద వర్క్‌షాపు పెట్టినా నేను ఆశ్చర్యపోను.

ఒక మాట గురించి మాత్రం నాకు ఎటూ తేలదు. ఛీఛీ. తెలుగు ఇళ్ళల్లో మలానికి పిల్లలతో వాడే పేరూ అదే, అసహ్యం చూపించే మాటా అదే. పిల్ల తన ఒంట్లోంచి వచ్చిన మొదటి వస్తువుని చూపిస్తే మనం ఇచ్చే పేరు 'ఛీ'. మడి చీర కట్టుకున్న నాయనమ్మ దూరం జరుగుతుంది, పిల్ల ఆ దూరాన్ని కూడా మాటతో పాటు నేర్చుకుంటుంది. రేపు ఆ 'ఛీ' ఎవరెవరి మీదికి వెళ్తుందో మనకి తెలుసు. దొడ్లు ఊడ్చిన మనుషుల మీదికి తరాల తరబడి వెళ్ళింది. చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ దేశంలో చట్టం వచ్చింది 1993లో, అదయ్యాక మళ్ళీ 2013లో ఇంకోటి కావాల్సొచ్చింది.

ఇప్పటి పిల్లలు ఛీఛీ అనడం తగ్గింది. 'పాటీ' అంటున్నారు. ఇంగ్లీషులో అది కుండ పేరు. మన దగ్గరికొచ్చేసరికి కుండలో ఉన్నదాని పేరైపోయింది, 'అమ్మా, పాటీ వచ్చింది' అంటారు. చెంబట్టుకెళ్ళడం లాగే, పాత్ర పేరు చెప్పి పని కానిచ్చేయడం. మా అక్క కొడుకు మాత్రం, ఎవరు నేర్పారో, రెండు వేళ్ళు ఎత్తుతాడు.